అన్నింటికీ ఐదే

చదువుకున్నవాళ్లతో నాకు పడదు. ఈ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఎనిమిదో తరగతి సగంలో పుస్తకాల సంచి దూలానికి తగిలించి పొలానికి పోయినవాణ్ని. మా అన్న చదువుకున్నాడు, హైదరాబాద్‌లో ఉంటాడు, ఎన్నికలప్పుడు తెల్లబట్టలేసుకుని మా ఊరు చిన్నకోడూరు వచ్చి మా పొలం గట్టు మీద నిలబడి ఫోటోలు దిగిపోతాడు. ఆ గట్టు చెక్కింది నేను. సరే, ఆ గోల వదిలేద్దాం. సిద్దిపేటలో నాకు ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. దామోదర్ దగ్గర కొన్న గింజ మొలుస్తుందని చుట్టుపక్కల ఊళ్లలో అనుకుంటారు. నాకున్న సర్టిఫికెట్ అదొక్కటే.

చదువుకున్నవాళ్లతో పడదన్నానా, కాపురం మాత్రం చదువుకున్న మనిషితోనే. మా ఆవిడ స్వరాజ్యం పెళ్లయ్యాకే డిగ్రీ చదివింది, బీఈడీ చేసింది. ఇప్పుడు సిద్దిపేటలోనే ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్స్ చెబుతుంది. మా బిడ్డ కృతిక అదే బడిలో పదో తరగతి. ఇంట్లో అమ్మ, బడిలో మేడమ్.

పోయిన మిరుగం, అదే మృగశిర కార్తె నాటి సాయంత్రం మా ఇంట్లో చేపల పులుసు. స్వరాజ్యం ముల్లు తీస్తూ, తలెత్తకుండానే అంది.

"ఈ యేడు గూడ ల్యాబ్ తెరువకపోతే నేను ఆ బడి బంద్ చేస్త."

"పోయినేడు గూడ గిట్లనే అన్నవ్" అన్నాను.

"పోయినేడు అన్న. ఈ యేడు చేస్త."

ఆ బడిలో ల్యాబ్ ఉంది. గాజు సామాను, మైక్రోస్కోపులు, మందు సీసాలు, అన్నీ ఉన్నాయి. తాళంచెవి మాత్రం కరస్పాండెంట్ రాజశేఖర్ సొరుగులో ఉంటుంది. అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రులకు గుమ్మంలోంచి చూపించడానికి ఒకసారి, తనిఖీ వస్తే ఒకసారి బయటికి వస్తుంది. మిగిలిన ఏడాదంతా స్వరాజ్యం బోర్డు మీద బొమ్మ వేస్తుంది, పిల్లలు రికార్డు పుస్తకంలోకి దించుకుంటారు. ప్రయోగం అయిపోయినట్టే.

రాజశేఖర్ సంగతి నాకు కొత్తకాదు. ఆరో తరగతిలో నా పక్కన కూర్చునేవాడు. వాడి జామెట్రీ బాక్సు ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. కొత్తదనం పోతుందని తానూ వాడేవాడు కాదు. నా దగ్గర వృత్తలేఖిని అడుక్కుని గీసుకునేవాడు. అలాంటివాడు ల్యాబ్ తెరుస్తాడా?

"అయితే ఒక మాట అనుకుందాం" అన్నాను. "బతుకమ్మ సెలవుల దాకా సూద్దాం. ల్యాబ్ తెరిచిన్రా, నేను మల్ల దుకాణం పేరెత్తను. తెరువలేదా, సెలవులైనంక నువ్వు వచ్చి దుకాణంల గల్లపెట్టె మీద కూసోవాలె."

మా అవ్వ, అంటే మా అమ్మ సుమిత్రమ్మ, కంచం పక్కకు జరిపింది. "ఏందిర ఇది, మొగుడు పెండ్లాలు పందెం గడ్తరా?"

"పందెం గాదవ్వా. ఒప్పందం."

"సరే" అంది స్వరాజ్యం. నేననుకున్నదానికంటే తొందరగా అంది. కృతిక ఒకసారి నా వైపు, ఒకసారి వాళ్లమ్మ వైపు చూసి అన్నం కలుపుకుంది.

దుకాణంలో నాకు నమ్మకమైన మనిషి కావాలి. ఎరువు కొనేవాళ్ల వేలిముద్ర తీసుకునే మెషిను దగ్గర ఒకరు, సంచుల దగ్గర ఒకరు లేకపోతే సీజన్లో నా పని నడవదు. మా ఆవిడ పిల్లలకు తెరవని ల్యాబ్‌లో జరగని ప్రయోగాలు చెప్పడం కంటే ఇది నయమని నా లెక్క. గెలుస్తానన్న ధీమాతోనే ఆ ఒప్పందం చేశాను.

బోనాల నెలలో ఒక ఆదివారం శ్రీవర్ధన్ అనే కుర్రాడు స్కూటీ మీద మా ఇంటికి వచ్చాడు. బీఈడీ కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాడట. హైస్కూలు పిల్లలు తమ సైన్స్ తరగతి గురించి ఏమనుకుంటున్నారో కొలవడం అతని పరిశోధన. నాలుగైదు బళ్లు తిరుగుతున్నాడు, మా ఆవిడ పదో తరగతి కూడా అందులో ఉంది.

"తరగతి గది వాతావరణం మీద సార్" అన్నాడు నాతో.

"పత్తి మొలిచి వాన కోసం సూస్తున్నది. నువ్వు గదిల వాతావరణం కొలుస్తున్నవా" అన్నాను.

అతను నవ్వాడు గానీ తగ్గలేదు. సంచిలోంచి కాగితం తీసి చూపించాడు. వరసగా వాక్యాలున్నాయి. 'ప్రయోగాలు మేమే చేతులతో చేసి చూస్తాం.' 'సందేహం అడిగితే టీచర్ పూర్తిగా వింటారు.' ఇలాంటివి. ఒక్కొక్క వాక్యానికి ఎదురుగా రెండు గడులు. మొదటి గడిలో ఇప్పుడు ఎలా ఉందో వేయాలి. ఎప్పుడూ జరిగితే ఐదు, ఎన్నడూ జరగకపోతే ఒకటి. రెండో గడిలో ఎలా ఉంటే బాగుండునో వేయాలి. పిల్లలు పేరు రాయనక్కర్లేదు.

"పిల్లగాండ్లను అడిగితే ఏం తెలుస్తది?" అన్నాను. "బడి మంచిగున్నదని ఎవడన్న అంటడా?"

"మంచిగున్నదా అని అడుగుత లేను సార్. ఏం జరుగుతున్నది, ఏం జరగాలని ఉన్నది, రెండే అడుగుతున్న. ఆ రెండింటి నడుమ ఎంత దూరమున్నదో చూస్త." చాయ్ అందుకుంటూ నన్నే అడిగాడు. "మీరు చదివినప్పుడు సైన్స్ క్లాస్ ఎట్లుండె?"

"ఎట్లుంటది? సారు చదివేటోడు, మేము రాసేటోళ్లం. నోరు తెరిస్తే కట్టె."

"ఎట్లుంటే బాగుండు అనుకున్నరు?"

"చాయ్ సల్లారుతున్నది, తాగు" అన్నాను.

మా అవ్వ గోడకానుకుని కూర్చుని అంతా వింటోంది. "వాన్ని గా ముచ్చట ఎవ్వరూ అడుగలె బిడ్డా ఇయ్యాల్టి దాక" అంది.

అతను వెళ్లాక స్వరాజ్యం ముఖం వెలిగిపోయింది. "నేను చెప్తే నా ఒక్కదాని గొంతు. పిల్లలంత ఒక్కటి పెడ్తె రాజశేఖర్ సారు ఏమంటడు? ఆ పిల్లగాడు లెక్క కట్టి బడికి గూడ ఇస్తడట."

"ఏమనడు. సొరుగుల పెట్టుకుంటడు" అన్నాను.

"సూద్దాం" అంది.

కాగితాలు నింపిన రోజు సాయంత్రం కృతిక సైకిల్ స్టాండు కూడా సరిగ్గా వేయకుండా లోపలికి వచ్చింది. స్వరాజ్యం అప్పుడే వచ్చి చిక్కుడుకాయ తుంచుతోంది. ఆ గంటలో టీచర్లెవరూ గదిలో ఉండకూడదని శ్రీవర్ధన్ బయటికి పంపించాడట.

"అమ్మా, నీకు ఏం ఢోకా లేదు. అన్నింటికీ ఐదే" అంది కృతిక.

"దేనికి?"

"అన్నింటికి. క్లాసంత. నేనే చెప్పిన అందరికి, ప్రేయర్ కాడ. మేడమ్‌కు ఎవ్వరు తక్కువ పెట్టినా ఊకోనని."

స్వరాజ్యం చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "ల్యాబ్ కాడ ఏం పెట్టిన్రు?"

"గదీ ఐదే."

ఇక్కడ ఆ బడి పద్ధతి ఒకటి చెప్పాలి. ఏడాదికి రెండుసార్లు రాజశేఖర్ పిల్లలకు చీటీలు పంచుతాడు. ఒక్కో టీచరుకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయాలి. తక్కువ వచ్చిన టీచరు సెలవుల తరువాత కనిపించడు. పిల్లలు ఈ కిటుకు ఎప్పుడో పట్టేశారు. చెవులు మెలిపెట్టే హిందీ సారుకు పోయినేడు తరగతంతా మాట్లాడుకుని ఒకటి వేశారు; సంక్రాంతి సెలవుల తరువాత ఆయన రాలేదు. నచ్చినవాళ్లకు ఐదు వేసి కాపాడుకుంటారు. వాళ్ల దృష్టిలో ఒకటి నుంచి ఐదు దాకా అంకెలున్న కాగితమంటే అదే చీటీ. అందులోనూ మేడమ్ బడి మానేస్తుందన్న మాట ఇంట్లో కృతిక చెవిన పడింది; ఎందుకన్నది వదిలేసి, పోతుందన్నదే పట్టుకుంది.

"రెండో గడిల?" అని అడిగింది స్వరాజ్యం.

"రెండిట్ల ఐదే. నువ్వు పోతవని మస్తు భయమైందమ్మా. ఇగ నిన్నెవ్వరు తియ్యరు."

"మంచిపనే చేసింది గద పోరి" అంది మా అవ్వ.

స్వరాజ్యం బిడ్డను తిట్టలేదు. తల నిమిరి, కాయల గిన్నె పట్టుకుని వంటింట్లోకి పోయింది. నేను మాత్రం నవ్వుకున్నాను. పిల్లలే ల్యాబ్ బ్రహ్మాండంగా ఉందన్నాక రాజశేఖర్ ఎందుకు తెరుస్తాడు? నా చెయ్యి కదలకుండానే ఒప్పందం నా వైపు తిరిగింది.

వినాయక చవితి పందిళ్లు తీసేసిన వారంలోనే బడి ముందర ఫ్లెక్సీ లేచింది. మా దుకాణం గడప మీద నిలబడితే ఎదురుగా కనిపిస్తుంది. రాజశేఖర్ బొమ్మ పెద్దది, మా ఆవిడ బొమ్మ అందులో సగం, వెనుక రంగురంగుల నీళ్లున్న గాజు సీసాలు. 'విద్యార్థులే మెచ్చిన సైన్స్ తరగతి. ప్రతి పాఠం ప్రత్యక్ష ప్రయోగంతో.'

వచ్చిన ప్రతి గిరాకీ అదే మాట. "మీ మేడమ్ ఫ్లెక్సీ ఎక్కింది పటేలా." నేను తలాడించాను. స్వరాజ్యం ఆ రోడ్డు వదిలి వెనక సందులోంచి బడికి పోవడం మొదలుపెట్టింది.

శ్రీవర్ధన్ ఒకరోజు దుకాణానికే వచ్చాడు, ముఖం మాడ్చుకుని.

"మీ బడి కాయితాలు నాకు పనికిరావు సార్. ఇప్పుడున్నదీ, కావాలనుకున్నదీ ఒక్కతీరే. ఎవ్వరికీ ఏ కోరికా లేదంట. అట్లాంటి క్లాసు ఎక్కడన్న ఉంటదా? మల్లోసారి చేస్తనంటే రాజశేఖర్ సార్ వద్దన్నడు. మంచి రిజల్ట్ వచ్చింది గదా, ఎందుకు చెడగొడ్తవు అంటుండు."

"నిన్నడిగే ఫ్లెక్సీ కట్టిండా?"

"లేదు. లెక్క కట్టకముందే కాయితాలు తిరగేసి చూసిండు. ఐదులు కనపడ్డయి."

ఏ కంపెనీ లాట్ వచ్చినా అమ్మకముందు కొన్ని గింజలు తడిగుడ్డలో చుట్టి మొలక చూడటం నా అలవాటు. ఆ గింజకు నా మీద ప్రేమ ఉండదు. నన్ను కాపాడాలని మొలవదు. మొలిస్తే మొలుస్తుంది, కుళ్లితే కుళ్లుతుంది. ఈ కుర్రాడి చిక్కు అక్కడే ఉందనిపించింది. పిల్లలకు మా ఆవిడంటే ప్రేమ. అయినా నాకెందుకు? "అయితే ఇంకో బడి సూసుకో" అని పంపించేశాను.

రెండు రోజులకు తొగుట నుంచి దుబ్బయ్య యూరియాకు వచ్చాడు. ముసలాయన, మా బాపు ఉన్నప్పటి నుంచీ మాకు తెలిసినవాడు. మెషిను మీద వేలు పెట్టి, అది పట్టకపోతే తడిచేసి మళ్లీ పెడుతూ అన్నాడు.

"పటేలా, మా మనుమరాలిని గా ఎదురుంగ బళ్లే ఏసిన."

"నడిమిట్ల ఎట్ల ఏస్తివి?"

"సర్కారు బళ్లెకెల్లి తీసి ఏసిన. పిల్లకు గా ప్రయోగాలంటే పానం. పోయిన అంగడి నాడు వచ్చినప్పుడు గా ఫ్లెక్సీ సూసిన, సదివిచ్చుకున్న. మీ ఇంటామె బొమ్మ ఉన్నది. నీ కాడ కొన్న ఇత్తునం ఎన్నడన్న మొలువకుంట పోయిందా? ఇగ నేను ఎవ్వర్నీ అడుగలె."

మెషిను వేలు పట్టింది. రసీదు వచ్చింది. అతని సంచులు ఆటోలో వేయించి, తాడు బిగించి పంపించాను. ఆటో ఫ్లెక్సీ కిందనుంచి మలుపు తిరిగిపోయింది. తరువాత వచ్చిన మనిషి పురుగు మందు అడిగితే నేను రెండుసార్లు తప్పు డబ్బా తీసిచ్చాను.

మధ్యాహ్నం శ్రీవర్ధన్‌కు ఫోన్ చేశాను.

"ఆదివారం మా గోదాముకు కాయితాలు పట్టుకొని రా. బడి పిల్లలే గని బళ్లే గాదు. రాజశేఖర్‌ను అడిగే పని లేదు."

"తల్లిదండ్రులు ఒప్పుకోవాలె సార్."

"వాళ్ల నంబర్లు నా ఫోన్లనే ఉన్నయి. సగం మంది నా గిరాకే."

స్వరాజ్యానికి ఆ రాత్రి అన్నం దగ్గర చెప్పాను. ఆమె నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"నువ్వు గెలిచినవ్ గద. ఇంకేం గావాలె?"

"నువ్వు గోదాము దిక్కు రాకు. గంతే" అన్నాను.

ఆదివారం పొద్దున పిల్లలు సైకిళ్ల మీద, నాన్నల బండ్ల మీద వచ్చారు. కుర్చీలు లేవు. సంచుల వరసల మీద మెట్లు మెట్లుగా కూర్చున్నారు. ఎరువుల వాసనకు కొందరు తుమ్ముతున్నారు, తుమ్మిన ప్రతిసారీ మిగతావాళ్లు నవ్వుతున్నారు. శ్రీవర్ధన్ ఓపిగ్గా చెప్పాడు: ఇది చీటీ కాదు, టీచరుకు మార్కులు కాదు, గదిలో జరిగేది జరిగినట్టు వేయాలి. పిల్లలు బుద్ధిగా తలలూపారు. ఒక్కరూ నమ్మలేదని ఆ తలలూపడంలోనే తెలిసిపోయింది.

రిషిత అనే అమ్మాయి, కృతికకు జోడీ, చెయ్యెత్తింది. "సార్, గిది రాజశేఖర్ సార్ సూసి మా మేడమ్‌ను తీసేస్తే?"

శ్రీవర్ధన్ ఏదో చెప్పబోయాడు. నేను ముందుకొచ్చాను.

"మీ మేడమ్‌ను బళ్లెకెల్లి తీసేది మీ సారు గాదు, నేను. ల్యాబ్ తెరువకపోతే సెలవులైనంక ఆమె బడికి రాదు. గిక్కడ నా గల్ల మీద కూసోని యూరియా అమ్ముతది. మాకట్ల మాటయింది. కృతికను అడుగుండ్రి."

అందరూ కృతిక వైపు తిరిగారు. ఆమె తల దించుకుని అవునన్నట్టు ఊపింది.

"మీరు మల్ల ఐదులు పెడ్తె ల్యాబ్ మంచిగున్నట్టే. తాళం తీసే పనే ఉండదు. నాకు మనిషి దొరుకుతది. నాకైతే లాభమే. పెట్టుకోండ్రి."

శ్రీవర్ధన్ కాగితాలు వరసల్లోకి పంచాడు.

"మరి తక్కువ పెడ్తె మేడమ్ బాధపడదా అంకుల్?" అంది రిషిత.

"పడ్తది. పడనియ్యి. ఉన్నది ఉన్నట్టు పెట్టుండ్రి."

వెనక వరసలోంచి ఒక గొంతు. "గిది ఏ రికార్డులకెల్లి దించాలె అంకుల్?"

నవ్వులయ్యాయి. ఆ తరువాత పెన్నులు కదిలాయి. మొదటిసారి నిమిషాల్లో నింపేశారట. ఆ రోజు మాత్రం ఒక్కో వాక్యం దగ్గర ఆగారు, పెన్ను మూత కొరుక్కున్నారు, పక్కవాళ్ల కాగితం వైపు చూడలేదు. నేను బయటికొచ్చి చాయ్‌లు చెప్పాను.

వారం తిరక్కుండా శ్రీవర్ధన్ మా ఇంటికి వచ్చాడు. స్వరాజ్యం చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. కృతిక గడప దగ్గర నిలబడింది.

"ప్రయోగాలు మేమే చేస్తం అన్న కాడ ఒకటి మేడమ్. కావాల్సింది ఐదు. నేను తిరిగిన అన్ని బళ్లల్ల ఇంత దూరం ఎక్కడా రాలె."

స్వరాజ్యం కళ్లు మూసుకుని తెరిచింది. ఆమె ఇన్నాళ్లూ చెబుతున్న మాటకు ఇప్పుడు ఒక అంకె వచ్చింది.

"ఇంకొకటున్నది మేడమ్." అతను గొంతు సవరించుకున్నాడు. "సందేహం అడిగితే టీచర్ పూర్తిగ వింటరు, అన్న కాడ గూడ తక్కువే వచ్చింది. రెండు."

స్వరాజ్యం ఆ కాగితం చేతిలోకి తీసుకుని తానే చదువుకుంది.

"నేను విననా?" అంది, ఎవరినీ కాకుండా. తరువాత బిడ్డ వైపు తిరిగింది. "నువ్వెంత పెట్టినవ్?"

"ఎవరెంత పెట్టిన్రో అడుగద్దు మేడమ్" అన్నాడు శ్రీవర్ధన్.

"రెండే పెట్టిన" అంది కృతిక. "మేము సగం అడుగంగనే నువ్వు జవాబు చెప్తవమ్మా. జవాబు కరెక్టే ఉంటది. కని మేము అడుగుదామనుకున్నది గది గాదు."

"నాతోని గూడ గంతే" అంది మా అవ్వ మంచం మీద నుంచి. "నడుం నొస్తున్నదే అనవోతే, నడు... అనంగనే గోలి చేతుల పెడ్తది."

స్వరాజ్యం లేచి, బట్టలు తీసుకొస్తానని మేడ మీదికి వెళ్లింది. ఇంకో రోజైతే చదువుకున్న మనిషికి రెండు మార్కులు రావడం నాకు పండగయ్యేది. ఆ రోజు ఎందుకో శ్రీవర్ధన్‌కు చాయ్ నేనే పెట్టిచ్చాను.

సెలవులకు ఇంకా వారం రోజులుందనగా, శనివారం నాడు బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. రాజశేఖర్ మైకు పట్టుకుని ఫ్లెక్సీలో ఉన్న మాటలే మళ్లీ చెప్పాడు. ముందు వరసలో దుబ్బయ్య, పక్కన రెండు జడల మనుమరాలు. నేను లేచి నాలుగు మాటలు అనాలనే పోయాను. ముందురోజు నుంచే వాటికి పదును పెట్టి ఉంచుకున్నాను. నేను కుర్చీ జరిపేలోపే టీచర్ల వరసలోంచి స్వరాజ్యం లేచి మైకు అడిగింది. పొగుడుతుందనుకున్నాడేమో, రాజశేఖర్ నవ్వుతూ ఇచ్చాడు.

"ఫ్లెక్సీ మీద ఉన్నది నిజం గాదు" అంది ఆమె. "పిల్లలు మొదటిసారి నన్ను కాపాడుదామని అన్నింటికి ఐదు పెట్టిన్రు. మల్లోసారి నిజం పెట్టిన్రు. ముందుగాల నాది చెప్త. పిల్లలు సందేహం అడిగితే నేను పూర్తిగ వింటలేనట. ఐదుకు రెండిచ్చిన్రు. గది నా తప్పు. నేను మార్చుకుంట."

ఆ బడిలో ఒక టీచర్ తనకు తక్కువ వచ్చిందని తానే చెప్పడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"ల్యాబ్ కాడ ఒకటిచ్చిన్రు. గది నా చేతుల లేదు. తాళం నా కాడ లేదు."

రాజశేఖర్ మైకు కోసం చెయ్యి చాపాడు. "అది పర్మిషన్ లేకుంట ఎవరో బయట చేయించిన సర్వే..." అని నా వైపు తిరిగాడు. "గోదాముల చేయించినవటగా దాము."

"నేనే చేయించిన. సంచుల మీద కూసుండవెట్టి" అన్నాను కూర్చునే. నేను పదును పెట్టుకున్న మాటలేవీ అవసరం పడలేదు.

దుబ్బయ్య మెల్లగా లేచాడు. "సారూ, ఇంత దూరం వచ్చినం. గా ల్యాబేదో సూపెట్టుండ్రి. మా పోరి గూడ సూస్తది."

"సూపెట్టుండ్రి" అన్నారు ఇంకో ఇద్దరు ముగ్గురు. అటెండర్ కాశయ్యకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. తాళంచెవి కోసం అతను అప్పటికే రాజశేఖర్ గది వైపు నడుస్తున్నాడు.

తలుపు తెరిచారు. లోపల బల్లలు తళతళలాడుతున్నాయి. గాజు సామాను మీద దుకాణం వాళ్లు అంటించిన ధర చీటీలు ఇంకా అలాగే ఉన్నాయి. ఒక తల్లి సింకు దగ్గరికి పోయి కుళాయి తిప్పింది. ఏమీ రాలేదు. వంగి కింద చూసింది. కుళాయికి గొట్టమే లేదు.

ఆమె పక్కకు తప్పుకుని వెనకవాళ్లకు చోటిచ్చింది. ఒక్కొక్కరే వంగి చూసి బయటికి వచ్చారు.

"సెలవులైనంక ప్లంబింగ్ చేయించి..." అన్నాడు రాజశేఖర్.

"సెలవులు గాదు సార్. సోమవారం" అంది స్వరాజ్యం.

"నీళ్లెట్ల మరి?"

"బకెట్లల్ల తెచ్చుకుంటం."

రాజశేఖర్ అక్కడున్న తల్లిదండ్రుల ముఖాలు చూశాడు. తాళంచెవి కాశయ్య చేతిలోంచి తీసుకోవాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలోనే స్వరాజ్యం తీసుకుంది.

అలా నేను ఓడిపోయాను. గల్ల మీద ఇప్పటికీ నేనే కూర్చుంటున్నాను, మెషిను దగ్గరికి మనిషి కోసం వెతుకుతున్నాను. ఫ్లెక్సీ రాత్రికి రాత్రే దిగిపోయింది. రాజశేఖర్ నాతో మాట్లాడటం మానేశాడు, దానివల్ల నాకు ప్రాణం హాయిగా ఉంది. చదువుకున్నవాళ్లతో నాకు ఇప్పటికీ పడదు.

ఆ సోమవారం సాయంత్రం కృతిక వచ్చేసరికి చొక్కా ముందంతా తడి. కంచం ముందు కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"బాపు, ఇయ్యాల జింకు ముక్కల మీద ఆసిడ్ పోసినం. దాంట్లకెల్లి వచ్చే గాలిని సబ్బు నీళ్లల్లకు పంపితే బుడగలొస్తయి. బుడగ కాడ అగ్గిపుల్ల పెడ్తె టప్పుమంటది. ఎన్నిసార్లు రాసిన్నో, 'టప్ మనే శబ్దం వచ్చెను' అని."

"అయితే అన్నదా?"

"రిషిత వాళ్లది అన్నది. మాది అనలె." ఆ మాట చెబుతుంటే ఆమె ముఖంలో ఉన్నంత సంబరం నేను అంతకుముందు చూడలేదు. రికార్డులో ఆమె చేసిన ప్రతి ప్రయోగమూ నెగ్గినదే.

"ఎందుకు అనలె?" అన్నాను.

స్వరాజ్యం నోరు తెరిచింది. జవాబు ఆమె నాలుక చివర ఉందని నాకు తెలుస్తూనే ఉంది. పెదవులు మూసుకుని, అన్నం గిన్నె మీద చెయ్యి పెట్టుకుని, బిడ్డ వైపు తిరిగి కూర్చుంది.

కృతిక చెప్పింది. బిరడా వదులుగా ఉండి గాలి పక్కనుంచి పోయిందేమో అంది. కాదు, బుడగ పగిలిపోయాక అగ్గిపుల్ల పెట్టామేమో అంది. మధ్యలో తన మాట తానే కొట్టేసుకుంది, వేళ్లతో బుడగ ఎంతుందో చూపించింది, మళ్లీ మొదటికి వచ్చింది. మా అవ్వ కూర్చునే కునికింది. పులుసు చల్లారింది. అన్నాల దగ్గర అంతసేపు ఎవరి మాటకూ ఎవరూ అడ్డు రాకుండా ఉండటం మా ఇంట్లో అదే మొదలు.

"తెల్వది బాపు" అంది చివరికి. "రేపు మల్ల చేసి సూస్తం."